కెపాసిటరుకు చీవాట్లు

మా బాబాయి పుట్టి బుద్ధెరిగి ఒక్క మనిషిని తిట్టలేదు. వస్తువుల్ని తిడతాడు. కుర్చీని, తలుపుని, చెంచాని, స్క్రూడ్రైవర్ని, వాన పడితే గొడుగుని, పడకపోతే మళ్ళీ ఆ గొడుగునే. ఎదురుగా నిలబడి, నడుం మీద ఓ చెయ్యి వేసుకుని, రెండో చేతి చూపుడువేలు దాని మొహం మీద ఆడిస్తూ, వంశం ఎత్తి మరీ తిడతాడు. గొడుగుకి మొహం ఎక్కడుంటుందని నన్నడక్కండి. ఆయనకి కనిపిస్తుంది.

ఇలాంటి మనిషింట్లో ఉంటూ, ఆయన పనిచేసే చోటే పనిచేస్తున్న దురదృష్టవంతుణ్ణి నేను. కాలేజీ సగంలో మానేశాను. ఎందుకు మానేస్తున్నావని ప్రిన్సిపాలు అడగలేదు సరికదా, కాగితం మీద సంతకం పెడుతూ కూనిరాగం తీశాడు. ఇంట్లో కూర్చుంటే నేను మంచానికీ, మంచం నాకూ అలవాటైపోతామని బాబాయి తన సర్వీసు సెక్షన్లో నాకో బల్ల ఇప్పించాడు. మొదటిరోజే ఆ బల్ల కాలు పట్టుకుని ఊపి చూశాడు.

"ఏమే, మావాడు కూర్చోబోతున్నాడు. ఇలాగే ఊగావంటే నాలుగు కాళ్ళూ విరిచేస్తాను."

"నాలుగూ విరిచేస్తే ఇంక ఊగదులే బాబాయ్" అన్నాను.

"చూశావా, వచ్చీరాగానే నీ తరఫున వకీలు!" అని బల్లతోనే అన్నాడు. నాతో కాదు.

ఆయన మీద నాకో అభిప్రాయం ఉండేది. మనిషిని ఒక మాట అనే దమ్ము లేనివాడే వస్తువు మీద పడతాడు. వస్తువు తిరిగి అనదు, ఇంటికెళ్ళి అలగదు, పైవాడికి చెప్పదు. ఇంతకంటే సుఖమైన పిరికితనం ఏముంది? ఈ మాట పిన్నితో అంటే ఆవిడ మొహం కందిపోయేలా నవ్వింది.

"పెళ్ళైన దగ్గర్నుంచి మీ బాబాయి నన్ను పల్లెత్తు మాట అనలేదురా. నేను కూర మాడిస్తే బాణలిని అరగంట తిట్టారు. పక్కన నుంచుని మొత్తం విన్నాను."

"మరి నీకు కోపం రాలేదా?"

"బాణలి మీదా? వచ్చింది. నేనూ రెండు తగిలించాను."

ఇంటిల్లిపాదికీ పిచ్చే.

ఇక కంపెనీ అంటే మీరేమీ అద్దాల మేడ ఊహించుకోకండి. రేకుల షెడ్డు. ఒక పక్క అసెంబ్లీ, ఒక పక్క మా సర్వీసు, మధ్యలో స్టోర్సు గది. పైన చెక్క మెట్లెక్కితే మేనేజరు గది. మేం తయారుచేసేది కోల్డ్ స్టోరేజీల్లో పెట్టే అలారం పెట్టెలు. చేపలు, ఐస్‌క్రీము, మందులు గడ్డకట్టించి దాచే గదులుంటాయే, వాటి లోపల గోడకి బిగిస్తారు. గదిలో చలి తగ్గితే అలారం మోగించాలి. తగ్గకపోతే నోరు మూసుకుని ఉండాలి. అంతే దాని ఉద్యోగం. కొత్తగా ఒక కోల్డ్ స్టోరేజీకి పంపిన పెట్టెలకి ఈ రెండో సగం చేతకాలేదు. అన్నిటికంటే చల్లటి గదిలో, ఏ కారణమూ లేకుండా, పొద్దస్తమానం కేకలు. తలుపు మూసే ఉంది, చేపలు రాళ్ళలా ఉన్నాయి, అయినా కేకలు. వాళ్ళ సూపర్‌వైజరు ఫోన్లో మాట్లాడుతుంటే వెనక ఆ అలారం మాకూ వినిపించేది.

"మీ పెట్టెకి పూనకం వస్తోందండీ" అన్నాడు. "వారంలో బాగుచెయ్యండి, లేదంటే అన్నీ కట్టకట్టి మీ గుమ్మం ముందు పడేస్తాం."

మా మేనేజరుకి లోకంలో ఒకటే ప్రశ్న వచ్చు. "ఎవరు?" అని. పైకప్పు కారితే "ఎవరు?" ఎలక చస్తే "ఎవరు?" ఏమైంది, ఎందుకైంది అన్నవి ఆయన దృష్టిలో పనిలేనివాళ్ళ ప్రశ్నలు. ఈసారీ మెట్లు దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఆ పెట్టెలకి సోల్డరింగ్ చేసింది ఎవరు?"

చేసింది పెద్దక్క. అసెంబ్లీలో అందరికంటే పాత మనిషి, అందరికంటే చురుకు చెయ్యి, అందరికంటే పొడుగు నాలుక. ఆవిడ చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే నాలాంటివాడు ఒక కెపాసిటర్ కాలు వంచే లోపల ఆవిడ మూడు సర్క్యూట్ పలకలు పూర్తిచేసి, నా చేతకానితనం మీద వ్యాఖ్యానం కూడా పూర్తిచేసేది. "చదువు మధ్యలో వదిలినట్టు అతుకు మధ్యలో వదలకు నాయనా" అని నన్ను రోజుకోసారైనా అనకపోతే ఆవిడకి అన్నం సయించదు. ఆవిడ జీతంతోనే ఇల్లు నడుస్తుందని అందరికీ తెలుసు. ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పదు.

"అతుకులు వదులుగా ఉన్నాయి. చలికి ముడుచుకుని ఊడుతున్నాయి" అని మేనేజరు తీర్పు చెప్పాడు. పెట్టె మూత కూడా తియ్యలేదు.

"నా అతుకు ఊడిందన్నవాడికి ముందు పళ్ళు ఊడతాయి" అంది పెద్దక్క, తల ఎత్తకుండా.

"అలాగా! అయితే వారం గడువు. అసలు కారణం ఇంకోటని ఎవరైనా చూపిస్తే సరే. లేదంటే మీరు ఇంటికి." ఆయన మళ్ళీ మెట్లెక్కాడు. పెద్దక్క సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టబోతే మొదటిసారి గురి తప్పింది. బాబాయి వెంటనే ఆ స్టాండు మీద విరుచుకుపడ్డాడు. "సరిగ్గా నిలబడలేవూ? మనిషి చెయ్యి చాపితే అందుకోవాలని తెలీదూ, వెధవ రింగూ నువ్వూ!"

మర్నాడు కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక పెట్టె తెప్పించారు. అది మా బల్ల మీదికి వచ్చేసరికి చెమటలు పట్టి, ఆరి, వెచ్చబడింది. కరెంటిచ్చి చూస్తే ఒక్క కేక లేదు. బుద్ధిమంతుడిలా పచ్చ దీపం వెలిగించుకుని కూర్చుంది.

"దొంగముఖమా!" అన్నాడు బాబాయి. "అక్కడ పూనకాలు, ఇక్కడికొచ్చి సన్న్యాసం! అత్తారింట్లో అలిగి పుట్టింటికొచ్చి పకోడీలు తినే అల్లుడు కూడా నీకంటే నయం."

"అల్లుడికి పుట్టిల్లెక్కడుంటుంది బాబాయ్?"

"నువ్వు దీనికి వత్తాసు పలక్కు."

అతుకులన్నీ భూతద్దం కింద చూశాం. ముత్యాల్లా ఉన్నాయి. లోపం చలిలోనే వస్తోంది కాబట్టి చలిలోనే పెట్టి చూడాలన్నాడు బాబాయి. అంతదాకా తెలివిగానే ఉంది. దానికి ఆయనకి తట్టిన చలి మా ఇంటి ఫ్రిజ్. సాయంత్రం పెట్టెని పైఅరలో బఠాణీల పక్కన పడుకోబెట్టి, తలుపు సందులోంచి వైర్లు బయటికి లాగి, ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిన్ని బఠాణీల కోసం వచ్చింది.

"ఏమండీ, ఇదేంటి?"

"ఉద్యోగం."

"నా ఫ్రిజ్జులోనా?"

"మాట్లాడకు, అది నిద్రపోయాక లేచి అరుస్తుందేమో చూడాలి."

అది అరవలేదు. ఇంటి ఫ్రిజ్ చలి దానికి చల్లగాలి షికారు. చెక్కుచెదరనిది పెట్టె ఒక్కటే. ఐస్‌క్రీము కరిగింది, బఠాణీలు మెత్తబడ్డాయి, తలుపు సరిగ్గా పడలేదు కదా. పిన్ని బాబాయిని ఒక్క మాట అనలేదు. నేరుగా పెట్టె ముందుకెళ్ళి, నడుం మీద చెయ్యి వేసుకుని, "నీకు సిగ్గుందా?" అంది. చెప్పాను కదా, ఇంటిల్లిపాదికీ పిచ్చేనని. అంటువ్యాధి.

దాంతో అసలు చలికే పోవలసివచ్చింది. ముందుగా బాబాయి తన జోస్యం ప్రకటించాడు. తప్పంతా రెగ్యులేటరుదేనట. పెట్టెలోకి వచ్చే కరెంటు పిచ్చిపిచ్చిగా వచ్చినా, లోపలి మెదడుకి మాత్రం ఎప్పుడూ ఒకే వోల్టేజీ అందేలా చూసే చిన్న నల్ల చిప్ అది. "వీడే. చూపులు చూడు. నాకు మొదటినుంచీ అనుమానమే" అని దాన్ని పీకి, నోరారా తిట్టి, కొత్తది పెట్టి, గెలిచినవాడి నడక నడుస్తూ కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాడు. కొత్త చిప్పుతో కూడా పెట్టెకి అదే పూనకం. నా అదృష్టం కొద్దీ ఆయన మొహం చూసే అవకాశం దొరికింది.

"ఇప్పుడు పాత చిప్పుకి క్షమాపణ చెప్తావా?" అన్నాను.

"అది వేరే ఏదో తప్పు చేసే ఉంటుంది" అన్నాడు.

ఆ గది సున్నాకి ముప్ఫై డిగ్రీల కింద ఉంటుంది. గడప దాటగానే ముక్కులోని వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకుంటాయి. గోడల నిండా అట్టపెట్టెలు, నేల మీద మంచు పొడి, తలుపుకి చేయంత గాజు కిటికీ. వోల్టేజీ ఎలా కదులుతుందో గీతగా చూపించే తెర ఒకటుంది మా దగ్గర. ఆ చలిలో అదే ముందు చచ్చేట్టుంది కాబట్టి దాన్ని బయట నా ముందు పెట్టి, పొడుగాటి వైర్లు తలుపు రబ్బరు కిందనుంచి లోపలికి పంపించాం. సూపర్‌వైజరు ఇచ్చిన ఎర్రటి బొంత కోటు వేసుకుని బాబాయి లోపలికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఆ కోటు జిప్పుతో ఒక యుద్ధం. జిప్పు తరఫు పూర్వీకులందరూ ఆ పొద్దున పేరుపేరునా తలుచుకోబడ్డారు.

ఒప్పందం ఇది. తెర మీద గీత తిన్నగా ఉంటే నేను కిటికీలోంచి బొటనవేలు పైకెత్తాలి. వణికితే కిందకి దించాలి. తలుపు మూస్తే మాట వినిపించదు. ఆయన ఫోను చలికి లోపలికెళ్ళగానే కళ్ళు మూసింది. దాన్ని తిట్టడం కిటికీలోంచి చూశాను. మాటలు వినపడకపోయినా నోటి ఆవిర్లు మాత్రం బుసబుసా వస్తున్నాయి. బొగ్గు ఇంజను కూత వేసినట్టుంది.

పెట్టె చల్లబడేదాకా గీత దారం లాగినట్టుంది. తర్వాత సన్నగా వణుకు మొదలైంది. చూస్తుండగానే ఎగుడుదిగుడు పళ్ళ దువ్వెనలా తయారైంది. మెదడుకి అందే వోల్టేజీ అలా పైకీ కిందకీ కొట్టుకుంటుంటే మెదడు ఆగి, మళ్ళీ మొదలై, మొదలైన ప్రతిసారీ గది వేడెక్కిపోయిందనుకుని అలారం మోగిస్తోంది. బొటనవేలు దించాను.

బాబాయి లోపల పలక మీదికి వంగాడు. ఒక్కొక్కదాన్నే పలకరిస్తున్నాడు. చివరికి రెగ్యులేటరు పక్కనే నిలబడ్డ ఒక పొట్టి గుండ్రటి కెపాసిటరు దగ్గర ఆగాడు. దాని వాలకం నచ్చలేదు కాబోలు, గ్లోవ్ పీకేశాడు. గ్లోవ్ వేసుకుని తిడితే ఘాటుండదట, తర్వాత చెప్పాడు. ఉత్త చూపుడువేలు దాని నెత్తిన ఆనించి, పొడుస్తూ, నొక్కుతూ, నిన్నే, నిన్నే అంటున్నాడని పెదాలు చెప్తున్నాయి.

తెర మీద దువ్వెన పళ్ళు పొట్టివయ్యాయి. ఇంకాసేపటికి గీత తిన్నగా పడుకుంది. అలారం ఆగిపోయింది.

నేను బొటనవేలు ఎత్తేసరికి ఆయన తలుపు తోసుకుని బయటికి ఉరికాడు. కనుబొమల నిండా తెల్లటి మంచు.

"చూశావురా! భయపడింది!"

"భయమూ కాదు, నీ తిట్టూ కాదు. నీ వేలు వేడి."

"అబ్బే. అంత వేడి నా ఒంట్లో ఎక్కడుంది? గడ్డకట్టుకుపోయి చస్తుంటే."

"దాని కంటే వేడే కదా. ఒక పని చెయ్యి. ముట్టుకోకుండా తిట్టు. తర్వాత తిట్టకుండా ముట్టుకో. ఏది పనిచేస్తుందో తెర చెప్తుంది."

సూపర్‌వైజరు మమ్మల్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మా కంపెనీ సరుకు కొన్నందుకు ఆయన మొహంలో పశ్చాత్తాపం కనిపించింది.

బాబాయి మళ్ళీ లోపలికెళ్ళాడు. కెపాసిటరు చల్లబడి గీత వణకడం మొదలెట్టాక, చేతులు వెనక్కి కట్టుకుని, మూరెడు దూరంలో నిలబడి తిట్టాడు. జీవితంలో అంత గొప్పగా తిట్టి ఉండడు. కిటికీ అంతా ఆవిరితో మసకబారింది. గీత మాత్రం లెక్కచెయ్యలేదు. ఇక రెండో పరీక్ష. తిట్టకుండా ముట్టుకోవడం. పాపం, ఆయన చేసినంత కష్టమైన పని ఈ భూమ్మీద ఇంకెవరూ చేసి ఉండరు. వేలు కెపాసిటరు మీద, పెదాలు బిగపట్టి, బుగ్గలు ఉబ్బించి, కళ్ళలో నీళ్ళు. మాట బయటికొచ్చేస్తుందేమోనని రెండో చేత్తో నోరు మూసుకున్నాడు. గీత నెమ్మదిగా, తిన్నగా సర్దుకుంది. పక్కనున్న చిప్పు మీదా, ఇంకోదాని మీదా వేలు పెట్టి చూశాడు. ఏమీ మారలేదు. ఆ పొట్టి కెపాసిటరు ఒక్కటే.

బయటికొచ్చాక వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, తెరిచి చూసుకున్నాడు. ఇన్నేళ్ళ తిట్లలో ఎన్ని వృథాగా పోయాయో లెక్కేసుకుంటున్నట్టున్నాడు.

సంగతేమిటో మీకు చెప్పాలి. షవర్ కింద నిలబడి వేడినీళ్ళ కుళాయీ చన్నీళ్ళ కుళాయీ తిప్పుతూ ఉంటారు చూడండి. వేడెక్కువైందని చల్లవి తిప్పుతారు, ఆలస్యంగా చల్లబడుతుంది, కెవ్వుమని మళ్ళీ వేడి తిప్పుతారు. రెగ్యులేటరు పని అదే. దాని పక్కన ఒక తొట్టెలా నిలబడి ఈ ఎక్కువతక్కువల్ని మింగేసేది కెపాసిటరు. ఈ రకం కెపాసిటరు పొట్టలో ద్రవం ఉంటుంది. బాగా చలేస్తే ఆ ద్రవం బంకలా చిక్కబడి కెపాసిటరు మొద్దుబారిపోతుంది. ఆసరా పోయిన రెగ్యులేటరు కుళాయిలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటుంది. వేలు తగిలి కాస్త వెచ్చబడితే మళ్ళీ బతుకుతుంది. అందుకే వెచ్చటి బల్ల మీద మాకు ఏమీ దొరకలేదు. అందుకే ఇలాంటి పెట్టెలకి చలికి తట్టుకునే ప్రత్యేకమైన రకం వాడాలని మా డ్రాయింగులో ఉంది. మరి పెట్టెలో ఉన్నది ఆ రకమేనా?

కాదు. కెపాసిటరు ఊడదీసి చూస్తే విలువ అదే, పొడుగు అదే, ఒంటి రంగూ అదే. సన్నగా అచ్చేసిన రకం గుర్తు మాత్రం వేరు. మామూలు వెచ్చటి గదుల్లో బతికే రకం.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి భోజనాల వేళ. అసెంబ్లీలో ఎవరూ లేరు. బాబాయి నేరుగా పెద్దక్క బల్ల దగ్గరికి నడిచాడు. చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగుల వరస. చలి రకం అని చీటీ ఉన్న సొరుగు అడుగంటిపోయి, మూలన ఇంత దుమ్ము మిగిలింది. దాని పక్కనే, దాదాపు సగానికి దిగిన మామూలు రకం సొరుగు. చూడగానే అర్థమైపోతుంది. చేతిలో పని ఆగకూడదని, సొరుగు ఖాళీ అయితే స్టోర్సు తెరిచేదాకా ఉండకుండా, పక్కదాంట్లోంచి అదే విలువ చూసి తీసేసుకుంది. మిగతా ఏ రకం పెట్టెకైనా ఆ పని చెయ్యచ్చు, చేస్తారు కూడా. ఈ పెట్టె ఒక్కదానికే కుదరదు.

"అయితే బాబాయ్, మేనేజరు అన్నది తప్పే గానీ చేసింది మాత్రం పెద్దక్క..."

"నోర్ముయ్" అన్నాడు బాబాయి. సొరుగుతో.

సొరుగు ఏమీ అనలేదు. అన్నది నేను.

"ఖాళీ అయితే చప్పుడు చెయ్యలేవూ? ఒకరు నీలో చెయ్యి పెట్టి వెతుక్కోవాలా?" అని దాన్ని మందలించి, లోపలికి నెట్టి, స్టోర్సుకి వెళ్ళి స్వయంగా చలి రకం కెపాసిటర్లు తెచ్చాడు. ఒకటి పెట్టెలో బిగించి అదే మధ్యాహ్నం అదే గదిలో పెట్టి వచ్చాం. మర్నాడు పొద్దున్న సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. వెనక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం విని నాకే ముచ్చటేసింది. మిగతా పెట్టెలన్నీ తెప్పించి మార్చి ఇస్తామని చెప్పాం.

మేనేజరు గబగబా మెట్లు దిగాడు. షెడ్డంతా చుట్టూ మూగింది. పెద్దక్క తన బల్ల దగ్గరే నిలబడింది, చేతులు కట్టుకుని, యుద్ధానికి సిద్ధంగా.

"అతుకులు దివ్యంగా ఉన్నాయి" అన్నాడు బాబాయి. "దోషి వీడు." అరచేతిలో పొట్టి కెపాసిటరు చూపించాడు. "ఆ చలికి పనికిరాని రకం."

పెద్దక్క మెడ చాచి చూసింది. కట్టుకున్న చేతులు మెల్లిగా విడిపోయాయి. ఆవిడ చూపు తన సొరుగుల మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

మేనేజరు కళ్ళు వెలిగాయి. "ఇది పెట్టెలోకి ఎలా వచ్చింది? ఎవరు?"

"ఎవరా!" బాబాయి కెపాసిటరు వైపు తిరిగాడు. "అడుగుతున్నారు, చెప్పు. నీకు చలంటే పడదని నీకు తెలుసు కదా? కోల్డ్ స్టోరేజీకి వెళ్ళే పెట్టె అని తెలుసు కదా? తగుదునమ్మా అని ఎగేసుకుని ఎక్కి కూర్చున్నావే! పైగా చలి రకం వాడి చొక్కా తొడుక్కుని, వాడి రంగు పూసుకుని, వాడి ఎత్తే పెరిగి! పొట్టినాయాలా, ఎంతమంది కళ్ళు కప్పావురా! పొట్టలో నాలుగు చుక్కల నీళ్ళు, ఆ నాలుగు చుక్కలకే నువ్వు..."

"అది సరేనండీ, నేనడిగేది మనిషి పేరు. ఎవరు?"

"వినండి, ఇంకా అవలేదు. వీడి బాబు కూడా ఇలాంటివాడే..."

"ఏమండీ! ఎవరు పెట్టారు?"

బాబాయి ఆగాడు. అందరూ ఆగారు.  అవతల మనిషి అడుగుతుంటే పేరు చెప్పకుండా ఇంకెంతసేపు ఒక కెపాసిటర్ని తిట్టగలడు ఎవడైనా? మా బాబాయి కళ్ళు నెమ్మదిగా మేనేజరు మొహం మీంచి జారి, భుజం మీంచి జారి, ఎడంచేతి మణికట్టు దగ్గర ఆగాయి. నడుం మీదికి చెయ్యి వెళ్ళింది. చూపుడువేలు లేచింది.

"ఏయ్, గడియారం!" అన్నాడు. "నిన్నే! ఈ సరుకు తయారయ్యే రోజున అసెంబ్లీలో తిరిగింది నువ్వు కాదూ? 'ఇవాళే పోవాలి, ఇవాళే పోవాలి' అని ప్రతి బల్ల దగ్గరా మొహం చూపించింది నువ్వు కాదూ? స్టోర్సు తలుపు తెరిచేదాకా ఎవర్నన్నా ఊపిరి తీసుకోనిచ్చావా? మళ్ళీ ఏమీ ఎరగనట్టు టిక్కూ టిక్కూ అంటూ..."

మేనేజరు చొక్కా చెయ్యి కిందకి లాగి గడియారం కప్పేసుకున్నాడు. షెడ్డులో వెనకనుంచి ఎవరికో దగ్గొచ్చింది. అది దగ్గు కాదు.

"సరే సరే" అన్నాడు మేనేజరు. "కెపాసిటరు లోపం అని రాసెయ్యండి. అయిపోయింది. అందరూ పనులు చూసుకోండి." మెట్లెక్కుతూ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు.

ఆ రోజు సాయంత్రం, అందరూ బల్లలు తుడుచుకునే వేళ, పెద్దక్క మా సెక్షన్ గుమ్మంలో నిలబడింది. ఆవిడ నోట మాట తడబడటం నేనెప్పుడూ చూడలేదు.

"సార్... ఆ సొరుగు..."

"ఒక్క నిమిషం ఆగమ్మా, వీడితో నాకింకా పని ఉంది" అన్నాడు బాబాయి. కెపాసిటరు ఆయన బల్ల మీదే ఉంది. గొంతు బాగా తగ్గించి, అది పారిపోతుందేమో అన్నట్టు దగ్గరికి వంగి అన్నాడు. "చూడు. పక్క సొరుగు ఖాళీ అయిందని ఎవరన్నా నిన్ను పిలిస్తే, ఏమనాలి? 'నాకు చలి పడదండీ, స్టోర్సుకి కబురు పెట్టండి, మేనేజరు అరిస్తే అరవనివ్వండి' అనాలి. అనాలా వద్దా?"

పెద్దక్క కెపాసిటరు వైపు చూసింది. బాబాయి వైపు చూసింది. మళ్ళీ కెపాసిటరు వైపు చూసింది.

"అనాలి సార్. దానికి బుద్ధి లేదు."

"బుద్ధి లేకేం, బోలెడుంది. తొందర ఎక్కువ."

"ఇంక తొందరపడదు సార్."

"నీకెలా తెలుసు?"

"తెలుసు సార్. అది నాతో చెప్పింది."

"అట్లాగా! నాతో ఒక్క ముక్క చెప్పలేదు చూడు, పొగరుబోతు."

పెద్దక్క రెండడుగులు లోపలికేసి, కెపాసిటర్ని రెండు వేళ్ళతో అందుకుంది. "ఇలా ఇవ్వండి. ఇంటికి తీసుకెళ్ళి నేనూ నాలుగు తగిలిస్తాను. రాత్రికి నిద్రపోనివ్వను దీన్ని." కొంగుకొనలో మూటకట్టి, గిరుక్కున తిరిగింది. ఆవిడ గుమ్మం దాటుతుంటే బాబాయి కుర్చీలోంచి సగం లేచి వెనకనుంచి కేకేశాడు.

"ఏమమ్మోయ్, మరీ గట్టిగా తిట్టకు దాన్ని! బెదిరిపోతుంది. మంచి వస్తువు!"